ఆకుపచ్చ మంట

"నీ భార్యది యాక్సిడెంట్ కాదు," అన్నాడు పెద్దాయన.

మధ్యాహ్నం రెండు దాటింది. బయట ఎండ చురచురలాడుతున్నా ఆ గదిలో ఏసీ ఎముకలు కొరికేస్తోంది. టేబుల్‌కి ఇవతల కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో అందరూ గేజ్ అంటారు. అసలు పేరుతో జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ పని లేదు. ఫ్యాక్టరీలకి కొలత గేజీలు సప్లై చేసి సర్వీస్ చేసే ఇంజనీరుగా చెలామణీ అవుతాడు. ఇంట్లోనూ అదే మాట. ఏడేళ్ల కాపురంలో భార్యతో కూడా అదే మాట.

"లారీ నంబరు దొంగది. డ్రైవర్ అదే రోజు సరిహద్దు దాటేశాడు. మాకు తెలిసి నలభై రోజులైంది," అన్నాడు పెద్దాయన.

"నలభై రోజులా!"

"ముందే చెప్తే ఏం చేసేవాడివి?"

ఏం చేసేవాడో ఇద్దరికీ తెలుసు. పైఅధికారులకి ఇదో జబ్బు. మనకు తెలియాల్సిన సంగతి, వాళ్లకి పనికొచ్చే రోజున చెప్తారు. ఈ నలభై రోజులూ గేజ్ ప్రతి సాయంత్రం మామగారి పక్కన కూర్చుని, ఆయన "ఆ లారీ వాడికి కళ్లు కనపడలేదా" అని తిట్టినప్పుడల్లా తలూపుతూ అన్నం తిన్నాడు.

పెద్దాయన ఫైలు తెరిచాడు.

"క్లుప్తంగా చెప్తాను. లేత్ మీద లోహాన్ని చెక్కేటప్పుడు టూల్ మాడిపోకుండా, లోహం గీరుకుపోకుండా పైనుంచి నూనె పోస్తారు. ఇన్నాళ్లూ అది రాతినూనె, షాపుల్లో నల్లనూనె అంటారు. దాన్ని అమ్మేది ఒకే ఒక్క విదేశీ ముఠా. మనం నల్లడబ్బా అంటాం. మీ ఆవిడ మీ మామగారు పనిచేసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఆముదం, పొద్దుతిరుగుడు నూనెలతో కొత్తది తయారుచేసింది."

"తెలుసు సార్. నాకు చెప్పకండి."

చెప్పక్కర్లేదు మరి. వంటింట్లో గిన్నెలు మాడ్చి, అత్తెసరు అన్నంలో ఆముదం వాసన రప్పించి, రెండేళ్లు ఆ నూనెతోనే బతికింది ఆ పిల్ల. ఎందుకంటే వాళ్ల నాన్న. ముప్పై ఏళ్లు లేత్ దగ్గర నిలబడితే నల్లనూనె ఆయన చేతుల్ని మోచేతుల దాకా పొక్కులెక్కించింది. దాని పొగ ఊపిరితిత్తుల్లో చేరి, రెండు మెట్లెక్కితే ఆయాసం. కూతురు నూనె మొదలుపెట్టిన ఆరు నెలలకి పొక్కులు మానాయి. ఆ రోజు ఆమె ఆ చేతుల్ని పట్టుకుని కూర్చుని, ఎవరేమన్నా వదల్లేదు.

"రెస్క్యూ హెలికాప్టర్ ఇంజనుకి టైటానియం డిస్కులు ఆ నూనెతోనే కోశారు," అన్నాడు పెద్దాయన. "ఇంజను పాసైతే నూనె పాసైనట్టే. నల్లడబ్బా దుకాణం కట్టేసుకోవాలి. అందుకే డిస్కుల్లో ఏదో చేశారు. ఏం చేశారో నువ్వు కనుక్కోవాలి. అక్కడున్న మన మనిషిని కోడ్ మాటతో కలువు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి మొదటి ఫ్లైట్. లోపల ఆరుగురు."

"వచ్చే నెల కదా?"

"మంత్రిగారికి ఇవాళే ఖాళీ అట."

"అయితే ఆపించండి!"

"ఎవరు ఆపుతారయ్యా? పోయిన వారం ముఠా వాళ్లే కావాలని మూడుసార్లు దొంగ ఫోన్లు చేసి వేరే ఫ్లైట్లు ఆపించారు. ఇప్పుడు ఫ్లైట్ ఆఫీసు ఎవరి మాటా నమ్మడం లేదు. డిస్కు మీద పాసైనట్టు స్టాంపు వేసిన మనిషి స్వయంగా ఫోన్ చేసి, సీల్డ్ కవర్లో ఇచ్చిన తన కోడ్ వర్డ్ చెప్పి, కారణం చెప్పాలి. అలా స్టాంపు వాపసు తీసుకుంటేనే ఆగుతుంది. నేను చేస్తే 'తమరెవరండీ' అన్నారు. మనమెవరమో మనం చెప్పుకోలేం కదా."

స్టాంపు ఎవరిదో గేజ్ అడగలేదు. ఆ ఫ్యాక్టరీలో డిస్కుల మీద స్టాంపు వేసే హక్కు ఒక్కరికే ఉంది. మేస్త్రికి. అంటే మామగారికి.

టెక్నికల్ సెక్షన్‌లో గుమాస్తా రెండు వస్తువులిచ్చి మూడు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు. ఒకటి పెన్ను. మొన లోహం మీద లాగితే నున్నదనం ఎంతో మైక్రాన్లలో చూపిస్తుంది. రెండోది లైటర్. అడుగున నొక్కితే సన్నటి రాగితీగ బయటికొస్తుంది.

"తీగని మంటలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ మంటలో పెట్టండి. పసుపుగా మండితే మామూలు నూనె. ఆకుపచ్చగా మండితే క్లోరిన్ ఉన్నట్టు."

"ఉంటే?"

"ఉక్కుకి మంచిదే సార్, నున్నగా వస్తుంది. టైటానియానికి మాత్రం విషం. అణువణువునా దూరి కూర్చుంటుంది. ఇంజను బాగా వేడెక్కాక లోపల్నించి పగులుతుంది. ఏ మెషీనూ ముందు పట్టుకోలేదు. లైటర్ పోగొడితే రెండు ప్రతుల్లో రాసివ్వాలి, మర్చిపోకండి."

*

మెషిన్ షాపులో ఏడు లేత్‌లు ఒక్కసారిగా కూస్తున్నాయి. గాలిలో నల్లనూనె కంపు లేదు. వంటింటి వాసన. గేజ్ గుమ్మంలోనే ఒక్క నిమిషం ఆగిపోయాడు. ఆమె దుపట్టాకి ఇదే వాసన ఉండేది.

"ఏంటయ్యా అల్లుడూ, దారి తప్పావా? రా రా!"

మేస్త్రి నాలుగో లేత్ దగ్గరున్నాడు. బక్కపల్చటి మనిషి, ముక్కు కొసకి జారిన కళ్లజోడు. కూతురు పోయాక ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. ఇవాళ మొహం వెలిగిపోతోంది. గుడ్డ విప్పి ఒక డిస్కు చేతిలో పెట్టాడు.

"స్పేర్ ఇది. దీని అన్నదమ్ములు పద్దెనిమిది ఆ ఇంజన్లో ఉన్నాయి. చూడు, నీ మొహం కనపడుతోంది! గోరు పెట్టి గీయి. ఎక్కడైనా ఆగుతుందా?"

ఈ షాపులో కొలత పరికరాలు ఎన్నున్నా, మేస్త్రి బొటనవేలి గోరు ఆగలేదంటేనే పాసు. గేజ్ గీశాడు. ఆగలేదు. మాటల్లో పెట్టి పెన్ను లాగాడు. సున్నా పాయింట్ ఒకటి తొమ్మిది.

కావాల్సింది సున్నా పాయింట్ నాలుగు. ఆమె చివరి ఉదయం తల దువ్వుకుంటూ, "టైటానియం మీద పాయింట్ ఆరు దగ్గరే ఆగిపోతోందండీ, నాన్నకి పిచ్చెక్కుతోంది, నల్లనూనెకి మళ్లీ మారిపొమ్మంటున్నారు పైవాళ్లు," అంది. ఆ మనిషి లేదు. ఫార్ములా మారలేదు. మరి ఆరు కాస్తా రెండు కిందికి ఎలా దిగింది?

"ఎలా వచ్చింది మావయ్యా ఇంత నున్నగా?"

"నా చెయ్యి పడింది కదా!" అని మేస్త్రి చూపు పక్కకి తిప్పుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఆడిన మొదటి అబద్ధమేమో, చెవులు ఎర్రబడ్డాయి. "నాలుగింటికి టీవీలో చూపిస్తారట. దాని పేరు కూడా చెప్తారట. నూనె కనిపెట్టింది ఫలానా అని. నువ్వూ ఉండు అల్లుడూ, కలిసి చూద్దాం."

"ఉంటాను," అన్నాడు గేజ్. ఇంకేమనగలడు?

గేజ్ బయటికొచ్చేసరికి ల్యాబ్ వరండాలో హైహీల్స్ టకటకలాడాయి. గంధం రంగు సూటు, నల్ల కళ్లద్దాలు, పది అడుగుల ముందే వచ్చే సెంటు. నూనెల కంపెనీ ప్రతినిధిగా మూడు నెలలుగా తిరుగుతున్న మేడమ్. షాపులో కుర్రాళ్లు ఆవిడొచ్చిన రోజు డ్రిల్లు బిట్లు ఎక్కువ విరగ్గొట్టుకుంటారని మేనేజరు గోల.

"ఈ నూనెకి నురగ ఎక్కువటగా?" అన్నాడు గేజ్.

ఆవిడ అద్దాలు తీసింది. "తప్పు నీళ్లది. నూనెది కాదు."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ ఖాళీ ల్యాబ్‌లోకి నడిచారు. కిటికీ పక్క టేబుల్ మీద తన భార్య కాఫీ కప్పు అలాగే ఉంది. ఎవరూ తీయలేదు. గేజ్ అటు చూడకుండా నిలబడ్డాడు.

"నల్లడబ్బాకి నేను మూడో నంబరు మనిషిని," అంది మేడమ్. "మీ డిపార్ట్‌మెంటుకి కూడా పనిచేస్తున్నాను. రెండు జీతాలు, రెండు భయాలు. మూడు వారాల క్రితం ముఠా ఒక సీసా ఇచ్చింది. మేస్త్రికి చేర్చమంది. చేర్చాను."

"ఏమని?"

"మీ అమ్మాయి చివరిగా తయారుచేసింది, నాకు దాచమని ఇచ్చింది, అని. లేబుల్ ఆమె చేతిరాతతోనే ఉంటుంది. 'నాన్నకి' అని."

గేజ్‌కి ఒళ్లు మండిపోయింది. "సిగ్గు లేదా మీకు?"

"ఉంటే ఈ పనిలో ఉంటానా? ముందు మీ ఆవిడనే క్లోరిన్ కలపమన్నారు, ఒప్పుకోలేదు. టైటానియానికి ప్రాణాంతకం అని పైకి రిపోర్టు రాసింది. ఆ రిపోర్టు వాళ్ల చేతిలో పడింది. అందుకే లారీ." ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "సీసా సంగతి ఆ రోజే మీ పెద్దాయనకి చెప్పాను. ముఠా నాయకుడు ఎవరో తేలేదాకా కదలొద్దన్నారు. ఫ్లైట్ ముందుకి జరుగుతుందని ఎవరనుకున్నారు?"

"తేలాడా?"

"ఇవాళ ఎయిర్‌ఫీల్డ్‌లో మొదటి వరసలో కూర్చుంటాడు. ముదురు ఎరుపు టై. అది కూలుతుంటే చూడాలని సరదా."

గేజ్ గడియారం చూశాడు. మూడూ ముప్పై ఒకటి. పెద్దాయనకి రెండే ముక్కల మెసేజ్ పంపాడు: ఎర్ర టై, మొదటి వరస. ఆ తర్వాత షాపులోకి నడిచాడు. ఆరుగురి ప్రాణాలు ఒకవైపు, ఆ ముసలాయనకి మిగిలిన ఒకే ఒక్క సంతోషం ఇంకోవైపు. లెక్క తేలికే. చేసేవాడికే గుండె పగిలేది.

*

"మావయ్యా, గ్రైండింగ్ రూమ్‌లోకి రండి. రెండు డబ్బాల నూనె పట్రండి. మెషిన్ తొట్టిలోది ఒకటి, సీలు విప్పని డ్రమ్ములోది ఒకటి."

"ఇప్పుడా? టీవీ పెడతారయ్యా!"

"ఇప్పుడే."

ఆ గొంతు మేస్త్రి ఎప్పుడూ వినలేదు. మారు మాట్లాడకుండా తెచ్చాడు. గేజ్ తలుపు గడియ పెట్టి లైటర్ వెలిగించాడు. తీగ ఎర్రబడ్డాక డ్రమ్ములోని నూనెలో ముంచి మంటలో పెట్టాడు. పసుపు మంట.

"ఇది అమ్మలు నూనె," అన్నాడు. మేస్త్రి కూతుర్ని అమ్మలు అనే పిలిచేవాడు. గేజ్ నోట ఆ మాట ఇదే మొదటిసారి.

తీగని మళ్లీ కాల్చి తొట్టిలోని నూనెలో ముంచాడు. ఈసారి మంట చివర ఆకుపచ్చగా లేచింది. చిక్కటి పచ్చ.

"ఇది ఆ సీసా."

మేస్త్రి మొహం పాలిపోయింది. "ఏ సీసా?"

"మావయ్యా, టైమ్ లేదు. అందులో ఉన్నది టైటానియాన్ని లోపల్నించి పగలగొడుతుంది. ఇంజను వేడెక్కిన పావుగంటకి ఆ డిస్కులు ముక్కలవుతాయి. మీరు ఫోన్ చేసి స్టాంపు వాపసు తీసుకోవాలి."

"అది నా బిడ్డ ఇచ్చిన సీసా! దాని చేతిరాత నాకు తెలీదా? బడికెళ్లేప్పటి నుంచి చూస్తున్నాను. 'న' కింద తోక తిప్పుతుంది."

"చేతిరాతలు రాసేవాళ్లు ఉంటారు మావయ్యా. మా దగ్గరా ఉన్నారు."

"మీ దగ్గరంటే? గేజీల కంపెనీలోనా?"

గేజ్ రాగితీగని లైటర్లోకి నొక్కేశాడు. అది చూసి మేస్త్రికి ఏదో అర్థమైంది. అల్లుడి వైపు, ఆ లైటర్ వైపు కాసేపు చూశాడు. మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు.

"లారీ..." అన్నాడు.

"లారీ గుద్దలేదు మావయ్యా. గుద్దించారు. ఈ మందు కలపనని చెప్పినందుకు."

మేస్త్రి నోరు తెరిచాడు. వచ్చిన శబ్దం ఏడుపులా లేదు, ఆయాసంలా ఉంది. గేజ్ భుజం పట్టుకోబోయాడు. ఆయన విదిలించుకున్నాడు.

"అది వద్దని చచ్చిపోతే... నేను నా చేత్తో పోశానా! రోజూ పొద్దున్నే ఆ సీసాకి దణ్ణం పెట్టుకుని మరీ పోశానే!"

"ఆరుగురున్నారు మావయ్యా లోపల. వాళ్లకీ ఇళ్లున్నాయి."

గోడ గడియారంలో మూడూ యాభై మూడు. మేస్త్రి లేచాడు. గోడకున్న ఫోన్ దగ్గరికి నాలుగడుగులే. ఆ నాలుగడుగులకి ముసలాయన ఇంకో పదేళ్లు ముసలాయనయ్యాడు.

"ఫ్లైట్ ఆఫీస్," అంది అవతలి గొంతు. దాని వెనక ఏదో గిర్రున తిరుగుతున్న హోరు.

"స్టాంపు నంబర్ పదిహేడు. టైటానియం డిస్కులు పద్దెనిమిది. వాపసు తీసుకుంటున్నాను."

"ఇప్పుడాండీ? రోటర్ తిరుగుతోంది సార్! కోడ్ వర్డ్ చెప్పండి."

మేస్త్రి పెదవులు కదిలాయి. సెకన్ల ముల్లు గడియారం మీద ఒక అర్ధచుట్టు తిరిగింది. గేజ్ పిడికిలి బిగించి నిలబడ్డాడు. ఈ మాట ఆయన తరఫున ఎవరూ చెప్పలేరు.

"సార్, లైన్లో ఉన్నారా? పైలట్ క్లియరెన్స్ అడుగుతున్నాడు."

"అమ్మలు," అన్నాడు మేస్త్రి.

"వినపడలేదండీ. హోరు. గట్టిగా చెప్పండి."

"అమ్మలూ!" అని అరిచాడు ఆయన. పక్క షాపులో వాళ్లకి కూడా వినపడింది. ఎవరినో కేకేస్తున్నాడనుకున్నారు.

కవరు చింపిన చప్పుడు. "సరిపోయింది. కారణం?"

"నూనెలో నేను ఒక మందు కలిపాను. నూనె మంచిదే, రాసుకో నాయనా. మందు చెడ్డది. ఆ మందు మా అమ్మాయిది కాదు. నూనె మా అమ్మాయిది. కలిపింది నేను."

"ఒక్క కారణానికే చోటుంది సార్ ఫారంలో."

"అయితే మేస్త్రి తప్పు అని రాయి," అన్నాడు.

ఫోన్లో హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. మూడూ యాభై తొమ్మిది. షాపులో టీవీ ముందు నిలబడ్డవాళ్లంతా "అయ్యయ్యో" అన్నారు. టీవీలో ఆగిన హెలికాప్టర్, కిందికి దిగుతున్న ఆరుగురు, వాళ్ల వెనక మొదటి వరసలో ఎర్ర టై మనిషిని రెండు చేతులా పట్టుకుని లేపుతున్న ఇద్దరు మర్యాదస్తులు. అది ఎవరికీ అంతగా పట్టలేదు.

గ్రైండింగ్ రూమ్‌లో మేస్త్రి గోడకి ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు. గేజ్ కూడా పక్కన చతికిలబడ్డాడు. ఇప్పుడిక దాచడానికేమీ లేదు. ఇద్దరూ ఏడ్చారు.

చాలాసేపటికి మేస్త్రి ముక్కు తుడుచుకుని అడిగాడు. "దానికి తెలుసా, నువ్వు ఇలాంటివాడివని?"

"లేదు మావయ్యా."

"చెప్పాల్సింది. గేజీలవాడిని చేసుకున్నావేంటే అని దాని ఫ్రెండ్స్ ఏడిపించేవాళ్లు. సంబరపడేది పిచ్చిది."

*

విచారణ మూడు నెలలు నడిచింది. చివరి రోజు బోర్డు వాళ్లు ఐదుగురు కోట్లేసుకుని షాపులోకి వచ్చారు. ఆ మందు ఎందుకు అవసరమైందో మెషిన్ మీద చేసి చూపించమన్నారు. నూనె పనికిరాదని రాసేయడానికి పెన్నులు తీసి సిద్ధంగా ఉన్నారు. గేజ్ గేజీల ఇంజనీరుగా, కొలిచే మనిషిగా పక్కన నిలబడ్డాడు.

మేస్త్రి నాలుగో లేత్‌కి కొత్త డిస్కు బిగించాడు. సీలు విప్పని డ్రమ్ము తెరిచి నూనె పోశాడు. మొదటి కోత కోశాడు. పెన్ను సున్నా పాయింట్ ఆరు చూపించింది.

"ఇదే కదా, ఎప్పుడూ వచ్చేది," అన్నాడు ఒక కోటు.

మేస్త్రి టూల్‌ని వెనక్కి లాగాడు. ఆ తర్వాత టూల్ నడిచే వేగాన్ని మార్చే ఫీడ్ పిడి మీద చెయ్యి వేసి, ఒక మెట్టు తగ్గించాడు. ఆగాడు. ఇంకో మెట్టు తగ్గించాడు. టూల్ ఇప్పుడు డిస్కు మీద నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పాకింది. నూనె సన్నటి ధారగా జారింది. తళతళలు లేవు. ఒట్టి మెత్తటి బూడిద రంగు.

గేజ్ పెన్ను లాగాడు. రెండుసార్లు లాగాడు. "సున్నా పాయింట్ మూడు ఎనిమిది," అన్నాడు. కావాల్సిన నాలుగుకి లోపలే.

"మరి మొదటే ఇలా ఎందుకు చేయలేదు మీరు?" అన్నాడు బోర్డు పెద్ద.

మేస్త్రి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ముప్పై ఏళ్లు నల్లనూనెకి అలవాటు పడ్డ చెయ్యండి ఇది. ఆ స్పీడే దీనికి తెలుసు. అమ్మలు అడిగింది. 'ఫీడు కాస్త తగ్గించు నాన్నా, నా నూనెకి కొంచెం టైమివ్వు' అని రెండుసార్లు అడిగింది. నాకు పని నేర్పుతావా అని కసిరాను. దాని పేరు చెప్పి ఆ సీసా ఇస్తే మాత్రం వెంటనే పోశాను. బతికున్నప్పుడు అది చెప్పింది ఒక్కటీ వినలేదు నేను."

షాపులో లేత్‌లన్నీ ఆగి ఉన్నాయి. కోట్లలో ఒకరు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నూనె పాసైంది. మేస్త్రి ఉద్యోగం పోయింది. ఆయన స్టాంపు టేబుల్ మీద పెట్టి, లేత్ తుడిచి, గుడ్డ మడతపెట్టి, అల్లుడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

వారం తర్వాత గేజ్‌కి డిపార్ట్‌మెంట్ నుంచి సీలు వేసిన ఉత్తరం వచ్చింది. ఒక్క ప్రాణమూ నష్టపోకుండా మిషన్ పూర్తిచేసినందుకు అభినందించారు. ఫైలు తెరవకముందు పోయినవాళ్లు లెక్కలోకి రారట.